అనుభవం రాలేదంటే భక్తి లేనట్టేనా?

గుంటూరు బ్రాడీపేట నుంచి 41 ఏళ్ళ పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. పేరు వేయవద్దన్నారు. మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో పద్దులు రాస్తారు. ఉమ్మడి కుటుంబం. అత్తగారితో, తోటికోడలితో కలిసి నాలుగేళ్ళుగా ప్రతి శుక్రవారం పక్క వీధిలో లలితా సహస్రనామ పారాయణానికి వెళ్తున్నారు. తోటికోడలికి మొదటి నెలలోనే పారాయణం మధ్యలో కళ్ళవెంట నీళ్ళు కారడం, ఒళ్ళు గగుర్పొడవడం మొదలైంది. దీపాన్ని చూసి కళ్ళు మూసుకుంటే నీలి వెలుగు కనిపిస్తుందంటుంది. పోయిన దసరాల్లో మూలా నక్షత్రం రోజున ఇంద్రకీలాద్రి మీద ఆరు గంటలు క్యూలో నిలబడి, సరస్వతీ అలంకారంలో ఉన్న అమ్మవారి ఎదుటికి రాగానే ఆమె వణికిపోయి కూలబడింది. తేరుకున్నాక "అమ్మ నన్ను పిలిచింది" అంది. పక్కనే ఉన్న మన పాఠకురాలికి ఆ క్షణంలో వచ్చిన ఆలోచన, చెప్పుల స్టాండు టోకెన్ ఏ సంచిలో పెట్టానా అని.

అప్పటినుంచి ఆవిడకు మనశ్శాంతి లేదు. పారాయణం నడిపించే అమ్మగారు ఇరవై మంది ముందు "నీలో అహం ఇంకా కరగలేదమ్మా, పూర్వజన్మ దోషం అడ్డుపడుతోంది" అన్నారు. 35 వేలతో దోష నివారణ హోమం చేయించమన్నారు. అత్తగారు వచ్చిపోయే చుట్టాలతో "చిన్నదానిది భక్తి, పెద్దదానిది లెక్క" అంటున్నారు. దాంతో ఆరు వారాలుగా ఈవిడ రాత్రి పదకొండుకు పడుకుని రెండున్నరకే లేస్తున్నారు. స్ట్రాంగ్ కాఫీ తాగి, వీడియోలో చూసిన పద్ధతిలో పావుగంట వేగంగా శ్వాస తీసి వదిలి, అయిదింటిదాకా జపం చేస్తున్నారు. ఒంటిపూట భోజనం. అనుభవం రాలేదు గాని గుండె దడ వచ్చింది. వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి. ఒక తెల్లవారుజామున జపంలో ఉండగా ఎవరో పైనుంచి తోసేసినట్టు ఒళ్ళు ఒక్కసారి ఎగిరిపడి, విపరీతమైన భయం వేసింది. మొన్న కొట్టులో ఒక రైతు మిర్చి టిక్కీల (బస్తాల) లెక్క తప్పు రాసి షావుకారు చేత మాట పడ్డారు.

అడిగినవి నాలుగు: నాలో ఉన్న లోపం ఏమిటి? ఆమెది నిజమా, నటనా? ఇలా అనుమానపడుతున్నందుకు కూడా సిగ్గుగా ఉంది. పది రోజుల మౌన ధ్యాన శిబిరానికి వెళ్ళమంటారా? ఈ ఏడు భవానీ దీక్ష తీసుకోనా, మానుకోనా?

అమ్మా, ఈ నాలుగు ప్రశ్నలకూ తొందరేమీ లేదు. తొందరపడాల్సింది మీరు అడగని విషయంలో. అది మీ నిద్ర. ముందు అది మాట్లాడుకుందాం.

రోజుకు మూడున్నర గంటల నిద్రతో ఆరు వారాలు గడిపిన ఎవరికైనా చిరాకు, దడ, లెక్కల్లో తప్పులు వస్తాయి. దానికి కర్మతో పని లేదు. మీకు వేళ్ళు తిమ్మిరెక్కడానికి ఎక్కువ అవకాశమున్న కారణం ఆ వేగపు శ్వాసే. అలా పావుగంట చేస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది. మెదడుకు వెళ్ళే రక్తనాళాలు కాస్త ముడుచుకుంటాయి. తల తేలిపోతుంది, వేళ్ళ కొసలూ పెదాల చుట్టూ చిమచిమలాడతాయి, ఛాతీ పట్టేస్తుంది. మామూలుగా ఊపిరి తీసుకుంటే కొద్ది నిమిషాల్లో సర్దుకుంటుంది. ఈ చిమచిమనే కొందరు శక్తి మేల్కొనడం అనుకుని ఇంకా గట్టిగా చేస్తారు, ఇంకా భయపడతారు. ఇక ఒళ్ళు ఎగిరిపడటం: మెలకువ నుంచి నిద్రలోకి జారే గుమ్మం దగ్గర కండరాలు ఒక్కసారి అదిరిపడటం చాలామందికి ఉన్నదే. అలసట, కాఫీ, ఆందోళన ఉంటే ఎక్కువగా వస్తుంది. మీకు ఆ మూడూ ఉన్నాయి. జపం చేస్తున్నానని మీరు అనుకుంటున్న ఆ నిమిషంలో మీకు కునుకు పట్టి ఉంటుంది. మీరు భయపడాల్సిన సంగతేమీ అక్కడ జరగలేదు.

రెండున్నరకు లేవడం శాస్త్రం అని ఎవరైనా చెప్పి ఉంటే, అదీ చూద్దాం. బ్రాహ్మీ ముహూర్తం సూర్యోదయానికి 96 నిమిషాల ముందు మొదలై 48 నిమిషాలు ఉంటుంది. మన గుంటూరులో కాలాన్ని బట్టి అది నాలుగుకూ అయిదుంబావుకూ మధ్యలో మొదలవుతుంది. రాత్రి తొమ్మిదిన్నరకు పడుకుంటే ఏడు గంటల నిద్రా అందుతుంది, ఆ ముహూర్తమూ తప్పదు. భగవద్గీత ఆరో అధ్యాయం 16, 17 శ్లోకాలు ఈ సంగతే చెబుతాయి. అతిగా తినేవాడికి, బొత్తిగా తిననివాడికి, అతిగా నిద్రపోయేవాడికి, అదేపనిగా మేలుకునేవాడికి యోగం కుదరదు. కాబట్టి ఈ రాత్రి నుంచే రెండున్నర అలారం తీసేయండి. వేగపు శ్వాస మానేయండి. మధ్యాహ్నం తర్వాత కాఫీ వద్దు. రెండు పూటలా తినండి. రెండు వారాలు ఇలా గడిచాక కూడా దడ తగ్గకపోతే హిమోగ్లోబిన్, థైరాయిడ్ టీఎస్‌హెచ్ పరీక్షలు, ఒక ఈసీజీ చేయించుకోండి. రక్తహీనత, థైరాయిడ్ తేడా మీ వయసు ఆడవాళ్ళలో మామూలే. రెంటిలోనూ దడ రావచ్చు. ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్ళు తిరిగి పడినా రెండు వారాలు ఆగవద్దు, వెంటనే వెళ్ళండి.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. మీలో లోపం లేదు. మీ స్వభావం వేరు.

కొందరు ఒక పాట వింటే చుట్టూ ఉన్న గది మరిచిపోతారు. పాత ఉత్తరం చదువుతుంటే రాసినవాళ్ళ గొంతు చెవిలో వినిపిస్తుంది. సముద్రం చూస్తూ నిలబడి తామెవరో ఒక నిమిషం పాటు మరిచిపోగలరు. ఈ తన్మయత్వ గుణాన్ని కొలవడానికి 1974లో ఆకె టెలిగెన్, గిల్బర్ట్ అట్కిన్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 34 వాక్యాల ప్రశ్నావళి ఒకటి తయారుచేశారు. దేవుడి ప్రస్తావన పెట్టుకోకుండా, మనిషి ఒక దృశ్యంలోనో ఊహలోనో ఎంతగా కరిగిపోగలడో అది అడుగుతుంది. తర్వాత టాన్యా లూర్‌మన్ అనే మానవశాస్త్రవేత్త అమెరికాలో గంటల తరబడి ప్రార్థించే క్రైస్తవుల మధ్య ఏళ్ళ తరబడి ఉండి, ఈ ప్రశ్నావళిని వాళ్ళ చేత నింపించారు. దేవుడి మాట చెవికి వినిపించినట్టు, స్పర్శ తగిలినట్టు చెప్పినవాళ్ళెవరు? ఎక్కువసేపు ప్రార్థించేవాళ్ళే అయి ఉంటారని మనం అనుకుంటాం. తేలింది అది కాదు. ప్రార్థన నిడివితో కంటే ఈ తన్మయత్వపు మార్కులతోనే ఆ అనుభవాలకు గట్టి సంబంధం కనిపించింది. అదే ప్రార్థన, అదే విశ్వాసం. ఒకరికి గొంతు వినిపిస్తుంది, ఇంకొకరికి నిశ్శబ్దం. కవలల మీద చేసిన పరిశోధనలను బట్టి ఇలాంటి స్వభావ భేదాల్లో దాదాపు సగం పుట్టుకతో వచ్చేదే.

ఇంకో సంగతి మీకు ఊరటనిస్తుంది. మనస్తత్వ శాస్త్రం స్వభావాన్ని అయిదు గుణాలుగా చూస్తుంది: ఊహకూ కొత్తదనానికీ మనసు తెరిచి ఉండటం, పనిలో క్రమం తప్పని శ్రద్ధ, నలుగురితో కలుపుగోలుతనం, ఎదుటివారి పట్ల మెత్తదనం, ఆందోళన. పూజ, వ్రతం, నియమం తప్పకుండా పాటించేవాళ్ళలో ఎక్కువగా కనిపించేవి శ్రద్ధ, మెత్తదనం. దర్శనాలు, తన్మయత్వం ఎక్కువగా ముడిపడేది ఊహ తెరిచి ఉండే గుణంతో. అంటే నిష్ఠ ఒకటి, అనుభవం ఇంకొకటి. రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చు, విడివిడిగానూ ఉండొచ్చు. యార్డులో మీకు రోజూ తెలిసిన సంగతే ఇది: తేజ రకం మిర్చికి ఘాటు ఎక్కువ, బాడిగ రకానికి రంగు ఎక్కువ. బాడిగలో ఘాటు లేదని దాన్ని తాలు కింద ఎవరూ కట్టరు. నాలుగేళ్ళలో ఒక్క శుక్రవారం కూడా మానలేదని మీరు ఉత్తరంలో ఒక మూల, చెప్పుకోదగ్గ విషయం కానట్టు రాశారు. నా దృష్టి అక్కడే ఆగింది.

ఈ విషయంలో మీరు ఒంటరి కారు. మతానుభవాల మీద ఈనాటికీ అందరూ తిరగేసే గ్రంథాన్ని 1902లో రాసిన అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త విలియం జేమ్స్, అలాంటి స్థితులు తన స్వభావానికి దాదాపు మూసుకుపోయిన తలుపులనీ, వాటి గురించి ఇతరులు చెప్పగా విని మాత్రమే మాట్లాడగలననీ అందులోనే ఒప్పుకున్నాడు. మదర్ థెరిసా దేవుడి సాన్నిధ్యం తెలియని చీకటిలో దశాబ్దాలు గడిపారని 2007లో అచ్చయిన ఆమె ఉత్తరాల వల్ల లోకానికి తెలిసింది. ఆమె పని మాత్రం ఆగలేదు. గీత పన్నెండో అధ్యాయం 13వ శ్లోకం నుంచి భక్తుడి లక్షణాలు వరసగా చెబుతుంది: ఏ ప్రాణినీ ద్వేషించనివాడు, మైత్రి, కరుణ కలవాడు, నిందకూ స్తుతికీ సమంగా ఉండేవాడు. మొత్తం చదవండి. కన్నీళ్ళు, గగుర్పాటు, వెలుగులు ఆ జాబితాలో ఉన్నాయేమో మీరే చూడండి.

మీ తోటికోడలి సంగతి. మీరు రాసినదాన్ని బట్టి నాకు నటన అనిపించలేదు. కొండ దిగి ఇంటికొచ్చి అందరికీ వండి పెట్టిందన్నారు. మర్నాడు పిల్లల్ని బడికి పంపిందన్నారు. తనకు దండం పెట్టమని ఎవరినీ అనలేదు. నటించేవాళ్ళు సాధారణంగా ఆ అనుభవం నుంచి ఏదో ఒకటి రాబట్టుకుంటారు. ఆమె రాబట్టుకున్నది ఏమీ లేదు.

ఒంట్లో జరిగేదానికి కారణాలు చెప్పొచ్చు. కన్నీరు, రోమాంచం, వణుకు, చెమట, గొంతు బొంగురుపోవడం, మాన్పడిపోవడం, ఇవన్నీ మన అలంకార శాస్త్రం ఎప్పుడో సాత్త్విక భావాలు అని ఎనిమిదిగా లెక్కకట్టినవే. మనం కావాలని చేయలేనివి, మనసు కదిలితే శరీరం తనంతట తాను చేసేవి. ప్రకాశవంతమైన పసుపు జ్వాలను కాసేపు రెప్పవేయకుండా చూసి కళ్ళు మూసుకుంటే, దానికి ఎదురు రంగైన నీలి ఛాయ కొన్ని క్షణాలు కనిపిస్తుంది. అది అలసిన కంటిపొర పని. మీరు చూసినా కనిపిస్తుంది, ప్రయత్నించండి. ఉపవాసంతో, నీళ్ళు సరిగా తాగకుండా, ఉక్కలో ఆరు గంటలు నిలబడితే రక్తం కాళ్ళలోకి దిగి, ఉద్వేగం కమ్మిన క్షణంలో కూలబడటం కూడా విచిత్రం కాదు. అయితే "అందుకని అమ్మ పిలవలేదు" అని తేల్చే అర్హత ఈ వివరణలకు లేదు. అనుభవం ఎవరికి, ఎప్పుడు, ఎలా వస్తుందో మనస్తత్వ శాస్త్రం చెప్పగలదు. అది ఎక్కడి నుంచి వచ్చిందన్నది మీ తోటికోడలికీ ఆమె నమ్మకానికీ సంబంధించిన విషయం. అక్కడ మనం చేయి పెట్టకూడదు.

కాని ఒక కన్ను వేసి ఉంచండి. రెండు మూడు గంటలే నిద్రపోతూ నాలుగైదు రోజులు అలసట లేకుండా హుషారుగా తిరగడం, ఆగకుండా మాట్లాడటం, నగలు దానం చేసేస్తాననడం, ఫలానా పని చేయమని గొంతు ఆజ్ఞాపిస్తోందనడం, అన్నం మానేయడం, తనొక్కతే ఎన్నికైనదాన్ననడం కనిపిస్తే అది మానసిక వైద్యుడు చూడాల్సిన సంగతి. ఒకటి రెండు నిమిషాలు చూపు నిలిచిపోయి, పెదాలు చప్పరిస్తూ, పిలిస్తే పలక్కుండా, తర్వాత ఏమీ గుర్తులేకుండా ఉంటే, అది ప్రతిసారీ అచ్చం ఒకేలా వస్తుంటే, ఫిట్స్ కావచ్చు. నరాల డాక్టరు ఈఈజీ అనే మెదడు పరీక్ష తీయిస్తారు. గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రి (జీజీహెచ్)లో మానసిక వైద్య విభాగం ఉంది. ముందు ఫోన్లో మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక సహాయ లైను టెలిమానస్ 14416, ఖర్చు లేదు. అమెరికా మానసిక వైద్యుల వర్గీకరణ గ్రంథం 1994 నుంచే ఆధ్యాత్మిక సమస్యలకు జబ్బుల నుంచి విడిగా చోటిచ్చింది. కాబట్టి డాక్టరు దగ్గరికి వెళ్తే పిచ్చి అని ముద్ర వేస్తారన్న భయం అక్కర్లేదు. ఇప్పటికి ఆమెలో ఆ లక్షణాలేవీ మీరు రాయలేదు.

అనుమానం వచ్చినందుకు సిగ్గుపడుతున్నారు. నాలుగేళ్ళుగా పక్కపక్కన పెట్టి తూకం వేస్తుంటే ఎవరికైనా మనసు గాయపడుతుంది. వీలైతే వంటింట్లో ఇద్దరే ఉన్నప్పుడు ఆమెనే అడగండి: "చెల్లీ, ఆ రోజు నీకెలా అనిపించింది? నాకేమీ అనిపించలేదు, అందుకే అడుగుతున్నా." ఆమె భయపడి ఉండొచ్చు, లేదా అందరూ చూస్తున్నారు కాబట్టి మళ్ళీ రావాలన్న ఒత్తిడి ఆమె మీదా ఉండొచ్చు. ఆ ఇంట్లో ఈ పోలిక వల్ల నలుగుతున్నది మీరొక్కరే కాకపోవచ్చు.

పారాయణం అమ్మగారి విషయంలో మీకు మూడు దారులున్నాయి. ఒకటి, శుక్రవారం ఒక అరగంట ముందు వెళ్ళి, ఒంటరిగా "అమ్మగారూ, నా దోషాల గురించి అందరి ముందు అనకండి, బాధగా ఉంది" అని చెప్పడం. చాలాసార్లు ఇది పనిచేస్తుంది. ఆవిడకు కోపం వస్తే అది కూడా మీకు తెలియాల్సిన సంగతే. రెండు, నెల రోజులు కొట్టు పని ఉందని చెప్పి మానేసి ఇంట్లోనే చదువుకోవడం. నిద్ర సర్దుకోవడానికి ఇది మేలు. అయితే అత్తగారు "చూశారా" అంటారు, ఆ మాటకు సిద్ధపడాలి. మూడు, వేరే బృందానికి మారడం. తోటికోడలు అక్కడే ఉంటే ఇల్లు రెండు జట్లవుతుంది గనుక దీన్ని చివరికి ఉంచుకోండి. అత్తగారికి మీరు చెప్పడం కంటే మీవారు చెప్పడం మంచిది, చుట్టాల ముందు కోడళ్ళిద్దరినీ పోల్చవద్దని, అంతవరకే.

హోమం గురించి నా అభిప్రాయం గట్టిది. మీ తృప్తికి, మీ తాహతులో చేయించుకుంటే ఎవరూ కాదనరు. అనుభవం వస్తుందన్న షరతు మీద మాత్రం 35 వేలు ఇవ్వకండి. రాకపోతే తర్వాత చెప్పేది ఇంకా పెద్ద దోషం, ఇంకా పెద్ద హోమం. మీ జీతం ఎంతో మీకు తెలుసు.

మౌన శిబిరం సంగతి: పది రోజుల శిబిరాల్లో తెల్లవారుజామున నాలుగింటికి లేపుతారు, రోజుకు పది గంటల దాకా కూర్చోబెడతారు, మాటలు, ఫోను ఉండవు. క్రమశిక్షణ ఇష్టపడే మీలాంటివాళ్ళకు ఇది బాగా సరిపడవచ్చు, మనసు పనితీరు కళ్ళకు కట్టినట్టు తెలుస్తుంది. కాని లోతైన ధ్యానంలో కొందరికి తీవ్రమైన భయం, నిద్రలేమి, లోకం వింతగా కనిపించడం వంటివి వస్తున్నాయని 2017లో అచ్చయిన పరిశోధన వివరంగా నమోదు చేసింది. ముందు ఏ మానసిక సమస్యా లేనివాళ్ళూ అందులో ఉన్నారు. మీరిప్పుడున్న అలసటతో, "ఈసారైనా రావాలి" అన్న పట్టుదలతో వెళ్తే, రాకపోతే కుంగిపోతారు, వస్తే మొన్నటి భయమే రెట్టింపవుతుంది. నిద్ర సర్దుకున్నాక కనీసం రెండు నెలలు ఆగి, ముందు ఒక్క రోజు శిబిరం చూసి, అప్పుడు ఆలోచించండి. దరఖాస్తులో ఆరోగ్యం గురించి అడిగినవన్నీ దాచకుండా రాయండి.

అనుభవం కావాలన్న కోరిక తీరనే తీరదా అంటే, కొంతవరకు సాధనతో పెరుగుతుంది. లూర్‌మన్ బృందమే కొందరి చేత నెల రోజుల పాటు, వారానికి ఆరు రోజులు, రోజుకు అరగంట ఊహతో కూడిన ప్రార్థన చేయించింది. ఉపన్యాసాలు విన్నవారి కంటే వీళ్ళ ఊహ ఎక్కువ స్పష్టమైంది. మీరు చేయాలంటే ఇలా చేయొచ్చు: సాయంత్రం ఆరింటికి, కడుపు మరీ ఖాళీగా లేకుండా కూర్చోండి. ధ్యాన శ్లోకం ఒక్కటే తీసుకోండి. ఒక్కో మాట దగ్గర ఆగి, ఆ రంగు, ఆ పూల వాసన, ఆ గాజుల చప్పుడు ఒక్కొక్కటిగా మనసులోకి తెచ్చుకోండి. టోకెన్ గుర్తొస్తే రానివ్వండి, మళ్ళీ శ్లోకంలోకి రండి. భయం గాని దడ గాని వస్తే కళ్ళు తెరిచి, పాదాలు నేలకు ఆనించి, గదిలో కనిపించే వస్తువుల పేర్లు బయటికి చెప్పండి, ఆ రోజుకు ఆపేయండి. నెల చివర కొద్దిగా తేడా తెలిస్తే సంతోషం. తెలియకపోతే ఈ దారి వదిలేయండి, పెంచుకుంటూ పోవద్దు.

నన్నడిగితే మీకు అంతకంటే సరిపడే దారి ఇంకొకటి ఉంది. లలితా సహస్రనామాలకు భాస్కరరాయల వారి భాష్యం ఉంది. తెలుగులో తాత్పర్యంతో ఉన్న పుస్తకం ఒకటి తెచ్చుకుని, రోజుకు ఒక్క నామం, అర్థంతో సహా, మీ చేతిరాతతో ఒక నోటుబుక్కులో రాయండి. వెయ్యి నామాలకు రెండు సంవత్సరాల తొమ్మిది నెలలు పడుతుంది. అంకెలు, అక్షరాలు చక్కగా వరసలో పెట్టే మీ చెయ్యి ఈ పనికి పుట్టింది. ఆర్తుడు, జిజ్ఞాసువు, అర్థార్థి, జ్ఞాని అని గీత ఏడో అధ్యాయం నాలుగు రకాల భక్తులను చెబుతుంది. మీలో జిజ్ఞాసువు కనిపిస్తున్నాడు.

దీక్ష విషయం. తీసుకోవచ్చు, కాని మండలం 41 రోజులు ఈ ఏడు వద్దు. 21 రోజుల అర్ధమండలం చాలు. అదీ దీక్షకు ముందు నెల రోజులు రాత్రి ఏడు గంటల నిద్ర అలవాటయ్యాకే. చన్నీళ్ళ స్నానం, నేల మీద పడక మీరు తట్టుకోగలరు. ఒంటిపూట భోజనంతో యార్డులో సీజన్ పని చేయగలరా అన్నది చూసుకోండి, పగలు పాలు, పళ్ళు తీసుకోవచ్చేమో మాల వేసే గురుస్వామిని ముందే అడగండి. బీపీకో థైరాయిడ్‌కో మాత్రలు రాస్తే దీక్షలో కూడా వాటిని మానవద్దు. క్యూలో మంచినీళ్ళ సీసా దగ్గర ఉంచుకోండి, తోటికోడలికి కూడా ఒకటి ఇవ్వండి.